పాయింట్లన్నీ చురుకులోనే పోసేస్తున్నారు, ఏం చేయాలి?

కోటగోడ_517
తిరుపతిలో మా గ్యాంగ్ ఆదివారాలు కూర్చుని ఆడుకోవడానికి సొంతంగా ఒక టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ (తలా ఒక పాత్ర వేసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) రాస్తున్నా. కథాకాలం తళ్ళికోట యుద్ధం (1565) తర్వాత, విజయనగర రాజధాని పెనుకొండ నుంచి చంద్రగిరికి వచ్చిన రోజులు. పాత్రలు పాళెగాడి కొలువు వదిలేసి వచ్చిన బంట్లు, వేగులు, శేషాచలం అడవి దారులు తెలిసినోళ్ళు. కథ బాగానే వస్తోంది, నంబర్ల దగ్గరే చిక్కు.

ఆరు గుణాలు పెట్టినా: బలం, చురుకు, ఓర్పు, బుద్ధి, మాట, భక్తి. ఒక్కోటి 1 నుంచి 10. మొత్తం 30 పాయింట్లు ఎవరికి నచ్చినట్టు వాళ్ళు పంచుకోవాలి. ఏదైనా పని చేయాల్సి వస్తే రెండు మామూలు లూడో పాచికలు వేసి గుణం కలపాలి, 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పని అయినట్టు. ఇప్పుడు చూస్తే అందరూ చురుకు 10, ఓర్పు 1, భక్తి 1. విల్లు, గోడెక్కడం, దాక్కోవడం, కత్తివేటు తప్పించుకోవడం అన్నీ చురుకు కిందికే వస్తాయి మరి, వాళ్ళ తప్పేం లేదు. గుణాలు తగ్గించాలా, పెంచాలా, పాయింట్లు తీసేసి పాచికలకు వచ్చిందే రాసుకోమనాలా? భక్తి ఎత్తేద్దామంటే మనసొప్పడం లేదు, కొండ కింద జరిగే కథ కదా.

లెక్కలసారు
గుణాల పేర్లు తర్వాత చూద్దాం అబ్బా, ముందు నీ పాచికలు చూడు. రెండు పాచికలకు 2 నుంచి 12 దాకానే వస్తుంది, దాని మీద 10 కలిపితే కనిష్ఠమే 12. అంటే 10 ఉన్నోడు జన్మలో ఓడిపోడు, వాడి చేత పాచికలు వేయించడమే దండగ. 5 ఉన్నోడికి 36లో 21 సార్లు, అంటే 58 శాతం. 1 ఉన్నోడికి 11 గానీ 12 గానీ పడాలి, 36లో మూడే సార్లు. ఇంత తేడా ఉంటే తెలివున్నోడు ఎవడైనా ఒకదాంట్లోనే కుమ్మరిస్తాడు.

ఇరవై ముఖాల పాచిక అయితే ఒక్కో +1కి సరిగ్గా 5 శాతం పెరుగుతుంది కాబట్టి పెద్ద నంబర్లనైనా మోస్తుంది. రెండు పాచికలు మోయవు, మధ్యలో 7 దగ్గర కుప్ప పడతాయి. అందుకని గుణం -1 నుంచి +3 దాకా చాలు, గెలవడానికి 8 పెట్టు. -1కి 28 శాతం, 0కి 42, +1కి 58, +2కి 72, +3కి 83. ఎవడికీ గ్యారంటీ లేదు, ఎవడూ పూర్తిగా చేతకానోడూ కాదు.

పంచే పద్ధతి కూడా మార్చు. ఇలాంటి ఆటల్లో పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 ఎడిషన్‌లో 27 పాయింట్లు ఇస్తారు, అందులో గుణం 13 దాకా ఒక్కో మెట్టుకు ఒక్కటే ఖర్చు, 14కీ 15కీ వెళ్ళాలంటే మెట్టుకు రెండేసి. పైకి పోయేకొద్దీ రేటు పెరగాలి. నీ గేమ్‌లో +1కి 1, +2కి 3, +3కి 6 అని పెట్టి చేతికి ఆరు పాయింట్లే ఇవ్వు, +3 కావాలన్నోడికి మిగతావన్నీ సున్నా.

అడవిదారి
లెక్క కరెక్టే కానీ రోగం అక్కడ మాత్రమే లేదు, నాలుగు పనులు ఒకే గుణం కింద ఉన్నంతసేపూ రేటు పెంచినా అదే కొంటారు. 1986లో వచ్చిన గర్ప్స్ అనే ఇంకో రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో మొదట నాలుగే గుణాలు, అందులో చురుకుకీ బుద్ధికీ కింద బోలెడన్ని నైపుణ్యాలు వేలాడతాయి, తర్వాతి ఎడిషన్‌లో ఆ రెండింటి రేటు మిగతావాటికి రెట్టింపు చేయాల్సి వచ్చింది.

నీ కథలో మనుషులు నిజంగా ఏం చేస్తారో కాగితం మీద రాయి. కోటగోడ ఎక్కడం బలానికి ఇచ్చెయ్. విల్లు గురి బుద్ధికి ఇవ్వు, లేదా చూపు అని ఇంకో గుణం పెట్టు. చురుక్కి దాక్కోవడం, పరుగు, తప్పించుకోవడం మిగులుతాయి, అది చాలు. మాట అనేదాన్ని బేరాలకే పెడితే ఎవరూ కొనరు. గంగమ్మ జాతర కథ గుర్తు చేసుకో, అమ్మవారు పాళెగాణ్ణి పట్టుకోవడానికి బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం అని రోజుకొకటి వేసుకుని తిరిగింది కదా. వేషం వేసి కొలువులోకి దూరడం కూడా మాట కిందికే తే, వేగు పాత్ర వేసేవాళ్ళు ఎగబడతారు.

ఇక ఓర్పుకు ఎవరూ పాయింట్లు పెట్టడం లేదంటే నువ్వు దాన్ని అడగడం లేదని అర్థం. ఎండాకాలం తలకోన వైపు నీళ్ళు దొరక్క రెండు రోజులు నడిపించు, దెబ్బ తిన్న ప్రతిసారీ ఓర్పు పాచికలు వేయించు.

పాతపాచిక
పాయింట్లు పంచడం అంటేనే నాకు పడదు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి రూల్స్‌లో ఒక్కో గుణానికి మూడు పాచికలు వేసి ఏ వరసలో వస్తే ఆ వరసలో రాసుకోవడమే, 18 రావాలంటే 216లో ఒక్క ఛాన్సు. చేతికొచ్చిన మనిషితో ఆడటంలో ఉన్న మజా వేరు.

అడవిదారి
@పాతపాచిక ఒక్క సాయంత్రం ఆటకైతే ఒప్పుకుంటా. నెలల తరబడి ఒకే పాత్ర ఆడాలంటే పక్కోడికి అన్నీ +2 పడి మనకు అన్నీ -1 పడితే మూడో వారం నుంచి ఫోన్ కూడా ఎత్తరు సామీ.

మెట్లదారి
భక్తి గురించి ఎవరూ మాట్లాడలేదు. దాన్ని నంబరుగా పెట్టొద్దు. భక్తి +3 ఉన్నోడు, -1 ఉన్నోడు అని మనుషుల్ని కొలవడమే నాకు ఎబ్బెట్టుగా ఉంది, పైగా ఏ పనికి ఆ పాచికలు వేయిస్తావో నీకే తెలీదు. దానికి బదులు మొక్కు పెట్టు. ఓడిపోయిన పాచికలు మళ్ళీ వేసుకోవాలంటే అందరి ముందూ గట్టిగా మొక్కుకోవాలి: తలనీలాలిస్తా, ముడుపు కడతా, కాలినడకన కొండెక్కుతా, ఏదో ఒకటి. అది కథలో తీర్చేదాకా ఇంకో మొక్కు కుదరదు. చంద్రగిరి నుంచి శ్రీవారి మెట్టు దారి దగ్గరే, ఇప్పటి లెక్కకు 2,388 మెట్లు, అక్కడ ఓర్పు పాచికలు వేయించు, అడవిదారి అడిగింది కూడా అయిపోతుంది.

లెక్కలసారు
మొక్కు బాగుంది. ఐదు గుణాలు, ఆరు పాయింట్లు, లెక్క కూడా తేలిక.

కోటగోడ_517
మొక్కు రూల్ ఇప్పుడే రాసేసినా, గోడెక్కడం బలానికి మార్చినా, విల్లు బుద్ధికే పోయింది. చూపు అని ఇంకోటి పెంచదల్చుకోలేదు. ఒక్క డౌటు: మొక్కు తీర్చకముందే పాత్ర చచ్చిపోతే?

మెట్లదారి
ఆ ప్లేయరు చేసుకునే కొత్త పాత్రకు అంటించెయ్. మన ఊళ్ళలో నాయన మొక్కు బాకీ పెట్టి పోతే కొడుకు కాదా గుండు కొట్టించుకునేది.