జర్మనీ తరహా ఫ్లాట్ పార్టీ బెంగళూరులో కుదురుతుందా?

మారతహళ్లిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, జర్మనీ వెళ్లేవాళ్లకు వీడ్కోలు, 20 మంది విద్యార్థులు. మన పద్ధతిలో తలా ఇంత చందా వేసుకుంటే బిర్యానీ, కూల్‌డ్రింకులు ఒకరే తెస్తారు. ఆఖరి నిమిషంలో ఐదుగురు రాకపోతే లోటంతా ఆ ఒక్కరి నెత్తినే పడుతుంది, ఇది అన్యాయం. జర్మనీలో విద్యార్థుల షేరింగ్ ఫ్లాట్లలో ఎవరి డ్రింకు వాళ్లే తెచ్చుకుంటారు, ఇంటివాళ్లు చిరుతిండి పెడితే చాలు. పొరుగువాళ్లకు తెలిసేలా ముందుగానే మెట్ల దగ్గర పార్టీ తేదీ, ఫోన్ నంబరు రాసిన కాగితం అంటిస్తారు. ఖాళీ డ్రింకు డబ్బాలు పారేయరు, ఒక్కోదానికి 25 సెంట్ల డిపాజిట్ వెనక్కొస్తుంది మరి!

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అక్కడ మామూలుగా నిశ్శబ్ద వేళ. ఇక్కడా 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అవే గంటల్లో లౌడ్‌స్పీకర్లను కట్టడి చేస్తాయి. తలుపులు మూసినా బేస్ మోత స్లాబులోంచి కిందికి దిగుతుంది, అందుకే స్పీకరును నేలమీద కాకుండా మడిచిన పరుపుమీద పెట్టాలనుకుంటున్నాం.

ఇలా చేసినవాళ్లు దయచేసి చెప్పండి: చందా ఎత్తేస్తే మనవాళ్లు వట్టిచేతులతో వస్తారా? బిర్యానీకి మాత్రం ముందే డబ్బు తీసుకోవాలా? కింది ఇంటివాళ్లకు కాగితం చాలా, వెళ్లి చెప్పాలా?