‘ప్రచ్ఛన్న’లో చలి ఎక్కడుంది?

పాత పలక: మూడు రోజులుగా ఒక వాక్యం బుర్ర తినేస్తోంది. పదో తరగతిలో మా సోషల్ మాస్టారు రెండో ప్రపంచ యుద్ధం పాఠం ముగిస్తూ అన్నారు: "ఎల్బే ఒడ్డున చేతులు కలిపినవాళ్ళే బెర్లిన్‌లో మొహాలు తిప్పుకున్నారు. అది చల్లారిన నిప్పు కాదర్రా, ... నిప్పు." ఆ ఖాళీలో మూడక్షరాల మాట ఉండాలి, ‘ప్ర’తో మొదలు. ‘ప్రచ్ఛన్న’ అనుకుంటే నిప్పు పక్కన అతకడం లేదు. ఆ ఏడాది పరీక్షలో ‘ప్రచ్ఛన్న యుద్ధం’ (కోల్డ్ వార్) అని రాయాల్సిన చోట ‘ప్రసన్న యుద్ధం’ అని రాసి మార్కు పోగొట్టుకున్నదాన్ని, కాబట్టి నా చెవుల మీద నాకే నమ్మకం లేదు. ఎవరికైనా తడుతుందా?

గట్టు మీద కొంగ: నివురుగప్పిన నిప్పు. ఇంకేముంటుందండీ.

పాత పలక: కాదండీ, ‘ప్ర’ ఉంది. అది మాత్రం ఖాయం.

అరసున్న: ప్రసన్న యుద్ధం బాగుంది! ఆ ఎల్బే ఒడ్డు ఫొటోలు చూస్తే అదే సరైన మాట అనిపిస్తుంది. 1945 ఏప్రిల్ 25, జర్మనీలో ఎల్బే నది మీది టోర్గావ్ దగ్గర అమెరికా సైనికులు, సోవియట్ సైనికులు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటారు. మూడేళ్ళు దాటీదాటగానే బెర్లిన్ దిగ్బంధం, పశ్చిమ బెర్లిన్‌కి దారులన్నీ సోవియట్‌వాళ్ళు మూసేశారు.

నాకు అసలు సందేహం వేరే. ఇంగ్లీషు మూలం ‘కోల్డ్ వార్’లో ఉన్నది చల్లదనం. ఇంగ్లీషు రచయిత ఆర్వెల్ 1945 అక్టోబరులో అణుబాంబు మీద రాసిన వ్యాసంలో ఆ మాట వాడాడు, 1947లో అమెరికా అధ్యక్షుల సలహాదారు బరూక్ ఉపన్యాసం, పాత్రికేయుడు లిప్‌మన్ పుస్తకం దాన్ని ఊరంతా తిప్పాయి. హిందీవాళ్ళు శీత యుద్ధ్ అన్నారు, కన్నడిగులు శీతల సమర. ఉర్దూలో సర్ద్ జంగ్. తమిళంలో పనిప్పోర్ (పని అంటే మంచు, మన పనీపాటా కాదు). మనమొక్కళ్ళం చలి వదిలేసి చాటు పట్టుకున్నాం. ఎందుకు?

సగం చదివిన పుస్తకం: బంగ్లాదేశ్‌లో స్నాయుయుద్ధం అంటారు, అంటే నరాల యుద్ధం. మనమొక్కళ్ళమే దారి తప్పలేదు.

అరసున్న: ఒప్పుకున్నాను. ఒక మార్కు తగ్గించుకోండి.

ఛాందసుడు: ముందు ఆ అక్షరం సరిగ్గా రాయండి బాబూ. ఈ గుంపులోనే నిన్నొకరు ‘ప్రచ్చన్న’ అన్నారు, మొన్నొకరు ‘ప్రఛ్ఛన్న’. రెండూ తప్పే. ఛద్ ధాతువు, కప్పడం. ప్ర + ఛన్న. హ్రస్వం తరవాత ఛ వస్తే మధ్యలో తుగాగమం, అంటే ఒక త్ వచ్చి చేరడం, పాణిని "ఛే చ" సూత్రం. ఆ త్ కాస్తా చ్ అవుతుంది. చ కింద ఛ వత్తు, అంతే. ఆచ్ఛాదన, ఛద్మవేషం, ఛత్రం అన్నీ ఆ ధాతువు పిల్లలే. నాటో దేశాలన్నీ అమెరికా అణుఛత్రం కింద చేరాయని పేపర్లవాళ్ళు రాస్తుంటారే, అక్కడా మన ఛద్ గారే ఉన్నారు. (‘ఛత్రఛాయ’ అని రాసేవాళ్ళతో నేను మాట్లాడను. ఛత్రచ్ఛాయ.)

గట్టు మీద కొంగ: ధాతువు సరే. కానీ ఆ యుద్ధంలో దాచిందేముంది? పశ్చిమ బెర్లిన్‌లో ఇరవై లక్షల పైచిలుకు జనానికి బొగ్గు, పిండి విమానాల్లో దింపారు. 1948 జూన్ నుంచి పద్నాలుగు పదిహేను నెలలు, 2 లక్షల 70 వేలకు పైగా ట్రిప్పులు. నెత్తి మీద రాత్రింబవళ్ళు అంత రొద పెట్టింది ప్రచ్ఛన్నమా? మాస్కోలో మే డేకి క్షిపణుల్ని పెళ్ళి ఊరేగింపులా తిప్పేవారు. శీతల యుద్ధం అనాల్సింది, ఎవరో పాత్రికేయుడికి ప్రాస కుదరక ఇటు లాగాడని నా సిద్ధాంతం.

డిగ్రీ ఎకనామిక్స్: ప్రాస కాదు సార్. ప్రచ్ఛన్న నిరుద్యోగిత గుర్తు తెచ్చుకోండి. ఇద్దరు చేసే పొలం పని ఐదుగురు చేస్తుంటారు, పైకి అందరికీ పని ఉన్నట్టే ఉంటుంది. అంటే ప్రచ్ఛన్న అంటే కనపడకుండా దాక్కోవడం కాదు, ఇంకోలా కనపడటం. శంకరాచార్యుల్ని ‘ప్రచ్ఛన్న బౌద్ధుడు’ అన్నప్పుడూ అదే అర్థం. అలాగే పైకి శాంతి, లోపల యుద్ధం.

సగం చదివిన పుస్తకం: దీనికి కొరియా యుద్ధం కంటే మంచి సాక్ష్యం లేదు. 1950 నవంబరు నుంచి అక్కడ మిగ్-15 యుద్ధవిమానాలు నడిపినవాళ్ళలో చాలామంది సోవియట్ పైలట్లు. విమానం మీద చైనా, ఉత్తర కొరియా గుర్తులు, ఒంటి మీద చైనా దుస్తులు. రేడియోలో కొరియా భాషలో మాట్లాడమని ఆజ్ఞ. వెనక శత్రువు తగులుకున్నాక ఆ నాలుగు ముక్కలు ఎవడికి గుర్తుంటాయి, రష్యన్‌లోనే తిట్టుకునేవారట. అమెరికావాళ్ళకి తెలుసు. తెలిసీ బయటపెట్టలేదు, పెడితే మూడో ప్రపంచ యుద్ధం చేయమని సొంత జనమే మెడ మీద కూర్చుంటారని. ఐదేళ్ళ కిందట ఎల్బే దగ్గర కావలించుకున్న సైన్యాలే ఇవి. ఇద్దరూ కలిసి ఒక ముసుగును కాపాడారు. దీన్ని ‘చల్లని’ అంటే ఏం చెప్పినట్టు?

పెన్నా తీరం: ఇది అచ్చంగా విరాటపర్వం! జమ్మి మీద ఆయుధాలు, రథం మీద బృహన్నల, ఎదురుగా ఉన్న ద్రోణుడికి ఎవరో తెలుసు. తిక్కన అయితే ఇలాంటిచోట ప్రచ్ఛన్న అని సంస్కృతం దింపేవాడు కాదు, హాయిగా ‘మఱుగు’ అనేవాడు. ఆయనకి తెలుగు పలుకే ముద్దు.

ఛాందసుడు: అదే విరాటపర్వంలో ‘దుర్వారోద్యమ’ పద్యం ఎవరు రాశారండీ, మా తాతా?

పెన్నా తీరం: అది కీచకుడి మీద ద్రౌపది కోపం, అక్కడ సంస్కృతమే ఉరమాలి. ఇంత పట్టరాని కోపంలోనూ ఆవిడ పాండవుల పేరెత్తకుండా గంధర్వులనే అంటుంది చూడండి. ముసుగు జారనివ్వదు. నెల్లూరు గాలి తగిలితే గాని ఇలాంటివి అర్థం కావు లెండి.

అరసున్న: నెల్లూరు వచ్చేసింది. ఇంక చేపల పులుసు దాకా ఆగదు.

మంజీర: మరి ఇనుప తెర సంగతేంది, యూరప్‌ను రెండు ముక్కలు చేసిన గీతకు పెట్టిన పేరు? చర్చిల్ 1946 మార్చి 5న అమెరికాల ఫుల్టన్‌లో అన్నప్పుడు పక్కన ట్రూమన్ కూడా కూసున్నడు. మూలంల అది నాటకశాలలో మంటలు పాకకుండ దించే ఇనుప అడ్డు. మన చెవికి తెర అంటే తోలుబొమ్మలాట తెర. దాని వెనక ఆట నడుస్తనే ఉంటది. ఇక్కడ తెర అంటే అల కూడా. బాల్టిక్ సముద్రం నుంచి ఏడ్రియాటిక్ దాకా అన్నడు గదా, నాకైతే చిన్నప్పుడు ఇనుప అలే కనపడేది.

డిగ్రీ ఎకనామిక్స్: అద్భుతం సార్. ‘అలీన’ కూడా ఇలాంటిదే. హిందీవాళ్ళది గుట్‌నిరపేక్ష, ముఠాల లెక్క. మనది లీనం కాకపోవడం. 1961 బెల్‌గ్రేడ్ సభకి వెళ్ళినవాళ్ళలో నిజంగా లీనం కానివాళ్ళు ఎందరో మరి!

గట్టు మీద కొంగ: మీరెన్ని చెప్పినా మా ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య నడుస్తున్నదాన్ని కోల్డ్ వారే అంటాం, ప్రచ్ఛన్నం అనం. దాయడానికేముంది, గిన్నెల చప్పుడు వీధిలోకి వినపడుతుంది.

సగం చదివిన పుస్తకం: 1960 మే 1న సోవియట్ గగనంలో కూలిన యూ-2 గూఢచారి విమానాన్ని అమెరికా మొదట ‘వాతావరణ పరిశోధన విమానం’ అంది. పైలట్ ప్రాణాలతో దొరికాడని తెలిశాక గాని ఒప్పుకోలేదు. గిన్నెలు పడేసి పిల్లి మీదకి నెట్టడమూ ఇలాంటిదే కదా?

గట్టు మీద కొంగ: మా పిల్లిని మధ్యలోకి లాగకండి.

పాత పలక: మీరంతా నా ‘ప్ర’ని మర్చిపోయారు. ప్రచ్ఛన్న అంటే కప్పబడినది అయితే, ‘ప్రచ్ఛన్న నిప్పు’ అని కూడా అని ఉండొచ్చా ఆయన? నివురుగప్పినదే కదా?

ఛాందసుడు: సంస్కృత విశేషణం పక్కన అచ్చతెలుగు నిప్పా? మీ మాస్టారు అలా అని ఉండరు. ప్రచ్ఛన్నాగ్ని అని ఉంటారు.

పాత పలక: పల్లెటూరి బడిలో ‘ప్రచ్ఛన్నాగ్ని’ అంటే మేం నవ్వేవాళ్ళం. నిప్పే, బాగా గుర్తు.

మంజీర: ఛాందసుడన్నా, ఫోన్ల చ కింద ఛ వత్తు ఎట్ల కొట్టాలె? నాకు ఎంతకీ చ్చ పడుతున్నది.

ఛాందసుడు: చ, పొల్లు, తరవాత ఛ. వరస మారిస్తే ప్రఛ్చన్న అయి కూర్చుంటుంది.