'ఏవీజీజీజీ': శ్రీశ్రీశ్రీ లాంటిదా, బహువచనమా?

ప్రశ్న: రోమన్ బంగారు నాణెం ఫొటో కింద తెలుగులో వివరణ రాయాలి. ముందువైపు థియోడోసియస్ పేరు చదవగలిగాను. వెనక విజయదేవత, చుట్టూ 'విక్టోరియా ఏవీజీజీజీ'. మూడు జీలు మన 'శ్రీశ్రీశ్రీ' లాంటి గౌరవమా? అడుగున 'కోనోబ్' అంటే ఊరి పేరా? మొత్తాన్ని 'దీనారం' అనేయవచ్చా?

జవాబు: గౌరవం కాదండీ, లెక్క. ఏవీజీ అంటే అగస్టస్, చక్రవర్తి. లాటిన్ పొడి అక్షరాల్లో బహువచనం కావాలంటే చివరి హల్లును మళ్లీ చెక్కుతారు. ఇద్దరికి రెండు జీలు, ముగ్గురికి మూడు. కాబట్టి 'చక్రవర్తుల విజయం'. అలాగని జీలు లెక్కపెట్టి కాలం తేల్చకండి. తూర్పు రోమన్ చక్రవర్తి అనస్తాసియస్ (491–518) నాటికి సామ్రాజ్యం పడమటి సగంలో చక్రవర్తే లేడు, అయినా మూడు జీలే. అప్పటికది నిజంగానే శ్రీశ్రీశ్రీ అయిపోయింది! జీల తర్వాత ఇంకో గుర్తుంటే నాలుగో జీ అనుకోకండి. అది గ్రీకు అక్షరం, టంకసాలలో ఏ విభాగం కొట్టిందో చెప్పే అంకె.

మరొకరు: కోనోబ్ ఒక్క మాట కాదు. 'కాన్' అంటే కాన్‌స్టాంటినోపుల్ నగరం. 'ఓబీ' పుటం పెట్టిన బంగారం, మన అపరంజి. గ్రీకు అంకెల్లో ఆ రెండక్షరాలు 70, 2 కూడా. రోమన్ పౌనుకు కొట్టింది సరిగ్గా 72 నాణేలు. పడమటి టంకసాలల్లో ఎక్కువగా 'కామోబ్' కనిపిస్తుంది. అప్పుడు బొమ్మకు రెండు పక్కలా చూడండి: ఆర్, వీ అయితే రావెన్నా, ఎం, డీ అయితే మిలాన్.

మొదటి జవాబు రాసినవారు: పేరు ఒక్కటే చాలదు, థియోడోసియస్‌లు ఇద్దరు. బంగారు నాణెంపై మొదటివాడు (379–395) కుడివైపు తిరిగిన పక్కముఖంతో ఉంటాడు. రెండోవాడు (402–450) మామూలుగా శిరస్త్రాణంతో, భుజాన ఈటెతో, దాదాపు ఎదురుగా చూస్తాడు. విజయదేవత చేతిలో పొడవాటి రత్నాల శిలువ ఉంటే రెండోవాడే. ఆ బొమ్మ 420 ప్రాంతంలో మొదలైంది.

ప్రశ్న అడిగినవారు: ఎదురుముఖం, పొడవాటి శిలువ. బరువు 4.21 గ్రాములు.

మరొకరు: ఉండాల్సింది దాదాపు 4.5. అంచు కత్తిరించారేమో, అక్షరాల తలలు తెగాయేమో చూడండి. బొమ్మ తలపైన చిల్లు ఉంటే మెడలో వేసుకున్నది. భారతదేశంలో దొరికినవాటిలో అలాంటివి చాలా ఉన్నాయి. అక్షరాలు అర్థం లేకుండా గిలికినట్టుంటే స్థానిక అనుకరణ కావచ్చు.

ఇంకొకరు: ఇక 'దీనారం'. రోమ్‌లో డెనారియస్ వెండిది. ఆ మాట మన దేశానికొచ్చాక బంగారం అర్థమే నిలిచింది. నాగార్జునకొండ ఇక్ష్వాకుల ప్రాకృత శాసనంలో 'దీనారి మాషకాలు' ఉన్నాయి, శ్రీనాథుడికి 'దీనార టంకాలు' సరేసరి. కాబట్టి తెలుగులో తప్పు కాదు, కానీ పాత రోమన్ బంగారు నాణెం ఆరియస్‌కీ అదే మాట పడుతుంది. మీ నాణెం తర్వాతి కాలపు రోమన్ బంగారు నాణెం సాలిడస్, కాబట్టి 'సాలిడస్ అనే బంగారు దీనారం' అనండి.

ప్రశ్న అడిగినవారు: 'రెండో థియోడోసియస్ సాలిడస్, కాన్‌స్టాంటినోపుల్ టంకసాల, 420 తర్వాత. వెనక: చక్రవర్తుల విజయం.' సరేనా?

మొదటి జవాబు రాసినవారు: బరువు, అంచు స్థితి కూడా చేర్చండి. వెనకవైపు రాతను అక్షరం పోకుండా మూడు జీలతోనే ఇచ్చి, అర్థం పక్కన విడిగా పెట్టండి.