బ్రహ్మకమలం: మొగ్గ వేస్తోంది, విప్పకుండానే రాలిపోతోంది

రాయగడ పెరడు
జూన్ 24, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ. మా ఇంటికి బ్రహ్మకమలం వచ్చి ఐదేళ్లయింది. మా అత్తగారు పర్లాకిమిడిలో వాళ్ల అక్కగారింటి నుంచి ఒక ఆకు తడిగుడ్డలో చుట్టి తెచ్చారు. మూడేళ్లు ఒట్టి ఆకులే. నిరుడు తొలకరి పడ్డాక ఏడు మొగ్గలు వేసింది. కందిగింజంత ఉన్నప్పటి నుంచీ రోజూ లెక్కపెట్టుకున్నాం. బొటనవేలంత అయ్యాక ఒక్కొక్కటే పసుపు తిరిగి రాలిపోయాయి. ఏడూ పోయాయి. ఈ ఏడు నాలుగు వేసింది. ఇవాళ పొద్దున చూస్తే ఒకటి కింద పడి ఉంది.

అత్తగారికి 81 ఏళ్లు. ఈ పువ్వు విప్పుకోవడం ఆవిడ ఒక్కసారే చూశారట, పెళ్లికి ముందు. "ఈసారైనా చూస్తానంటావా" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు.

నేను చేస్తున్నదంతా రాస్తాను, తప్పెక్కడో చెప్పండి. 14 అంగుళాల మట్టి కుండీ. తూర్పు వరండా, పొద్దున్న ఎండ తగులుతుంది. రెండు పూటలా నీళ్లు. నెలకోసారి చెంచాడు యూరియా. మొగ్గ కనబడగానే దిష్టి తగలకుండా, వాన కొట్టకుండా కుండీని దేవుడి గది కిటికీ దగ్గరికి మారుస్తాను.

పర్లాకిమిడి మాస్టారు
జూన్ 24, రాత్రి 9:02

అమ్మా, ముందు ఒక్క మాట. ఆ కుండీని ఇక కదపకండి. దిష్టి భయముంటే దానికి నల్లతాడు కట్టుకోండి, కుండీ మాత్రం ఉన్నచోటే ఉండాలి. మొగ్గ మీదున్నప్పుడు వెలుతురు వచ్చే దిక్కు మారినా ఈ మొక్క మొగ్గలు వదిలేస్తుంది. మా ఇంట్లో మూడేళ్లు ఇదే జరిగింది. ఏటా రథయాత్ర ముందు వరండాకి సున్నం వేయించేవాళ్లం. కుండీలు అటూ ఇటూ జరిపేవాళ్లం. సరిగ్గా మొగ్గ వేసే రోజులవి. మొక్క మంచిది కాదేమో అనుకున్నాం గానీ సున్నం సంగతి తట్టలేదు. సున్నం దసరాకి మార్చుకున్న మరుసటేడు పదకొండు పూలు పూసింది.

రెండోది. మనం ఆకు అనేది నిజానికి ఆకు కాదు. కాండమే అలా పలచగా సాగింది. అందుకే మొగ్గ దాని అంచు నొక్కుల్లోంచి పుడుతుంది. ఇది జెముడు కుటుంబం, శాస్త్రనామం ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. జెముడు అనగానే ఎడారి గుర్తొస్తుంది, కానీ దీని పుట్టిల్లు దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా అడవులు. అక్కడ పెద్ద చెట్ల కొమ్మల మీద, పంగల్లో పేరుకున్న చివికిన ఆకుల్లో వేళ్లు దూర్చుకుని బతుకుతుంది. చెట్టు రసం తాగదు, ఆ కాస్త చోటే దానికి కావాలి. వాన పడితే తడుస్తుంది, గాలికి గంటల్లో ఆరిపోతుంది. పైన చెట్టు గొడుగు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఎండ నేరుగా తగలదు.

మీ 14 అంగుళాల కుండీలో రెండు పూటలా నీళ్లంటే మధ్యలో మట్టి ఎప్పటికీ ఆరదు. ఊపిరాడని వేరు మొగ్గని మోయలేదు. అలాగని ఇప్పుడు కుండీ మార్చకండి, మొగ్గలున్నాయి. రెండు కణుపుల దాకా వేలు పెట్టి చూడండి. పొడిగా తగిలితే నీళ్లు, లేకపోతే లేదు. మరీ ఎండగట్టినా మొగ్గ రాలుతుంది, అదీ గుర్తుంచుకోండి.

గుణుపురం నర్సరీ పని
జూన్ 25, ఉదయం 6:40

అక్కా, యూరియా ఆపేయండి. నత్రజని ఎక్కువైతే మొక్క పచ్చగా, పొడుగ్గా పెరుగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పూత మీదికి రాదు. మీ మొక్క మూడేళ్లు ఒట్టి ఆకులే వేసిందంటే అందులో దీని పాలు కూడా ఉంది.

మేము కలిపే మట్టి చెబుతాను. తోటమట్టి ఒక వంతు. చివికిన ఆకుల ఎరువు గానీ కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) గానీ ఒక వంతు. ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి ఒక వంతు. గుప్పెడు వేపపిండి. కోకోపీట్ దిమ్మ కొంటే రెండు మూడు నీళ్లు పోసి పిండి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది. కుండీ 8 నుంచి 10 అంగుళాలు చాలు. వేళ్లు కుండీని కాస్త ఇరుకుగా పట్టుకుని ఉంటేనే ఇది బాగా పూస్తుంది. పూలన్నీ అయ్యాక, వానలు తగ్గాక కుండీ మార్చుకోండి.

ఎరువు ఫాల్గుణం నుంచి మొదలుపెట్టండి. నెలకి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు, రెండు నెలలకోసారి చెంచా ఎముకల పొడి. అంతకు మించి ఏదీ వద్దు.

సిరొంచ ప్రాణహిత
జూన్ 25, మధ్యాహ్నం 1:20

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మా దిక్కు మే నెలల ఎండ 45 దాటుతది. నేను మేడ మీద పెట్టిన. పది రోజులల్ల ఆకులు ఎర్రగయి, నడుమ తెల్లమచ్చలు పడి, ఎండిన అట్ట లెక్క అయినయ్. వేపచెట్టు కిందికి తెచ్చి కొమ్మకు వేలాడదీసినంక బతికింది. ఆ మచ్చలు పోలేదు, కొత్త కొమ్మలు మాత్రం మంచిగ వచ్చినయ్. మాస్టారు చెట్టు గొడుగు అన్నది సదివినంక ఇప్పుడు సమజయింది.

మా పక్కింటి మరాఠీ అక్క కూడా దీన్ని బ్రహ్మకమళ్ అనే అంటది. ఆమె ఇచ్చిన మూడు ముక్కలు పెట్టిన, రెండు మురిగిపోయినయ్. కోసిన రోజే పెట్టిన. అదేనా తప్పు?

గుణుపురం నర్సరీ పని
జూన్ 25, రాత్రి 7:55

అదే తమ్ముడూ. ముదిరిన కొమ్మ జానెడు ముక్క కోసి, నీడలో ఐదారు రోజులు ఆరనివ్వాలి. కోసిన చోట పైపొర గట్టిపడ్డాకే మట్టిలో రెండు వేళ్ల లోతు గుచ్చాలి. మొక్క మీదున్నప్పుడు కింది వైపు ఏదో, మట్టిలోకి అదే పోవాలి. తలకిందులుగా పెడితే లాభం లేదు. ఏది కిందో మర్చిపోతామనుకుంటే కోసేటప్పుడే కింది చివర ఏటవాలుగా, పై చివర అడ్డంగా కోసుకోండి. మొదటి వారం నీళ్లు పోయకండి, ఆ తర్వాత చిలకరింపు చాలు. నెల లోపు వేరు పడుతుంది. పువ్వు రావాలంటే రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి.

దమన్‌జోడి క్వార్టర్స్
జూన్ 26, ఉదయం 11:10

చలికాలం సంగతి ఎవరూ అనలేదు. మాది కొరాపుట్ కొండల మీద, దాదాపు 900 మీటర్ల ఎత్తు. మార్గశిరం, పుష్యం రాత్రులు బాగా చల్లగా ఉంటాయి. మొదటి రెండేళ్లు పాపం చలి అనుకుని లోపల పెట్టి, రోజూ నీళ్లు పోసి, ఎరువు వేసి చంటిపిల్లలా చూసుకున్నాను. ఒక్క మొగ్గ వేయలేదు. మూడో ఏడు కాన్పుకి విజయనగరం వెళ్లి రెండున్నర నెలలు అక్కడే ఉండిపోయాను. మా ఆయన వారానికోసారి చెంబుడు నీళ్లు పోశారట, అంతే. తిరిగొచ్చేసరికి కొమ్మలు ముడతలు పడి, వడలి ఉన్నాయి. ఏడుపొచ్చింది. చైత్రంలో నీళ్లు మెల్లగా పెంచాను, మళ్లీ నిండుగా అయ్యాయి. ఆ ఆషాఢంలో తొమ్మిది పూలు.

అప్పటి నుంచి ఏటా డిసెంబరు, జనవరి దానికి విశ్రాంతి ఇస్తాను. వరండాలోనే ఉంటుంది, మట్టి పూర్తిగా ఆరాక కాసిని నీళ్లు. మంచు నేరుగా పడకుండా చూసుకుంటే చాలు. మన ఊళ్ల చలికి ఇది చచ్చిపోదు.

బరంపురం మేడ
జూన్ 26, రాత్రి 10:05

రాయగడ అక్కా, మొగ్గ తొడిమ దగ్గర తెల్లగా దూదిలా ఏమైనా ఉందా చూడండి. కుండీ మీద చీమలు బారు కట్టి తిరుగుతుంటే అనుమానించాల్సిందే. అది పిండినల్లి అనే పురుగు. చీమలే దాన్ని ఒకచోటు నుంచి ఇంకోచోటుకి మోస్తాయి. నాకు ఒక ఏడాది మొగ్గలన్నీ దీనివల్లే పోయాయి. కొంచెమే ఉంటే తడి దూదితో తుడిచేయండి. ఎక్కువుంటే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొమ్మల మీద కొట్టండి, మొగ్గల మీద వద్దు. వానాకాలం నత్తలు కూడా లేత మొగ్గ తినేస్తాయి. రాత్రి లైటు పట్టుకుని ఏరడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

ఇంకో సంగతి, ఇది కోపంతోనే రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో "హిమాలయ బ్రహ్మకమలం విత్తనాలు" అని చూసి మా చెల్లెలు 600 రూపాయలు పోసి కొంది. ఏదో గడ్డి మొలిచింది. హిమాలయాల బ్రహ్మకమలం పూర్తిగా వేరే మొక్క. సాసురియా ఒబ్వలాటా అంటారు, పొద్దుతిరుగుడు కుటుంబం. 3,000 మీటర్ల పైన మంచుకొండల మీద పెరుగుతుంది, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, కేదార్‌నాథ్‌లో, బదరీనాథ్‌లో పూజకి వాడతారు. మన బరంపురం ఉక్కలో అది బతకడమన్న మాటే లేదు. మనిళ్లలో ఉన్నది మెక్సికో నుంచి వచ్చి ఆ పేరు పెట్టుకున్నది. దీనికి ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు, పక్కింట్లో అడిగితే కొమ్మ ఇస్తారు.

పర్లాకిమిడి మాస్టారు
జూన్ 27, ఉదయం 7:30

బరంపురం వారి మాటకి తోడుగా. పేరు మనం ఇచ్చుకున్నదే అయినా, అర్ధరాత్రి ఇరుగుపొరుగుని లేపి హారతి ఇచ్చే అలవాటు మాత్రం మనది, దాన్ని తక్కువ చేయకూడదు. పుట్టిన చోట దీని అతిథులు రాత్రి తిరిగే చిమ్మటలు. పొడుగు నాలుక ఉంటే గానీ అంత పొడవైన గొట్టం అడుగున తేనె అందదు. చీకట్లో కనబడడానికే ఆ తెలుపు, దూరం నుంచి పిలవడానికే ఆ వాసన.

పువ్వు కోసి పూజకి పెట్టకూడదని నా అభిప్రాయం. ఉండేదే ఒక్క రాత్రి.

దమన్‌జోడి క్వార్టర్స్
జూన్ 27, ఉదయం 9:15

మాస్టారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. మా అమ్మ నిండుగా విప్పాక కోసి శివుడికే పెట్టేది. ఎలాగూ తెల్లారేసరికి వడలిపోయేదాన్ని స్వామి దగ్గర పెడితే తప్పేముంది? మొక్కకి దెబ్బేమీ తగలదు కదా.

రాయగడ పెరడు
జూలై 1, సాయంత్రం 6:20

అందరికీ దండాలు. కుండీ వరండాలోనే ఉంచేశాను. యూరియా డబ్బా పక్కింటి వంకాయల వాళ్లకి ఇచ్చేశాను. వేలు పెట్టి చూస్తే అడుగున బురదలా ఉంది, నాలుగు రోజులు నీళ్లే పోయలేదు. తొడిమల దగ్గర పిండినల్లి లేదు, చీమలూ లేవు. అయినా ఇంకొకటి రాలింది. అది ముందే పసుపు తిరిగి ఉంది. మిగిలినవి రెండు. ఆకుపచ్చగా, గట్టిగా ఉన్నాయి, చూపుడు వేలంత పొడుగు. కొమ్మల నుంచి సన్నగా వేళ్లు గాల్లోకి వస్తున్నాయి, అవి కోసేయాలా?

పర్లాకిమిడి మాస్టారు
జూలై 1, రాత్రి 8:00

వద్దమ్మా. చెట్టుని పట్టుకునే వేళ్లు అవి, దాని సహజం. కొమ్మలు బరువెక్కితే ఒక కర్ర పాతి వదులుగా కట్టండి.

ఇప్పుడు మొగ్గ మెడ చూస్తూ ఉండండి. ఇన్నాళ్లూ కిందికి వేలాడుతుంది. విప్పే సమయం దగ్గరపడ్డాక మెడ వంపు తిరిగి, ఏనుగు తొండం ఎత్తినట్టు పైకి లేస్తుంది. ఆ తర్వాత మొగ్గ ఉబ్బి, తెల్లరేకులు బయటి రేకుల సందుల్లోంచి కనబడ్డ రోజు మీ అత్తగారిని మధ్యాహ్నమే కాస్త పడుకోమనండి.

రాయగడ పెరడు
జూలై 12, ఉదయం 5:50

ఇంకా నిద్రపోలేదు. రాసి పడుకుంటాను.

మొన్న తొమ్మిదో తారీకున మెడలు రెండూ లేచాయి. నిన్న సాయంత్రానికి ఒకటి ఉబ్బింది. ఎనిమిదింటికి చివర కొంచెం సడలింది. అత్తగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు, భోజనం కూడా అక్కడే. వాన తుంపర. తొమ్మిదిన్నరకి వాసన వీధి గుమ్మం దాకా వచ్చింది. పక్కింటి ఒడియా వాళ్లు ఆ వాసనకే లేచి వచ్చారు. పదకొండింటికి మొత్తం విప్పింది, నా రెండు అరచేతులు కలిపినంత. లోపల కేసరాల మధ్య తెల్లగా నక్షత్రం లాంటిది. రేకులు కదలడం కళ్లతో చూశాం. నేను హారతి ఇస్తుంటే పక్కింటి కోడలు హుళహుళి (ఒడియా ఆడవాళ్లు శుభవేళల్లో నాలుక ఆడిస్తూ చేసే ధ్వని) పలికింది. అత్తగారు ఏమీ మాట్లాడలేదు. ఒంటిగంట దాకా కుండీ అంచు మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

కోయమంటారా అని అడిగాను. వద్దన్నారు. నాలుగున్నరకి రేకులు ముడుచుకుని తల వాల్చాక ఆవిడే తుంచి, తీసుకెళ్లి దేవుడి దగ్గర పెట్టారు. రెండోది ఇవాళ రాత్రికి విప్పేలా ఉంది.

సిరొంచ ప్రాణహిత
జూలై 12, ఉదయం 8:30

అక్కా, సదువుతుంటే ఒళ్లు పులకరించింది. నాకు మీ మొక్కదే ఒక కొమ్మ కావాలె. ఇంత దూరం పంపితే బతుకుతదా?

గుణుపురం నర్సరీ పని
జూలై 12, మధ్యాహ్నం 12:45

బతుకుతుంది. కోసి, వారం ఆరబెట్టి, పొడి కాగితంలో చుట్టి అట్టపెట్టెలో పెడితే పది రోజుల ప్రయాణం తట్టుకుంటుంది. తడిగుడ్డ, ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు. వానల్లో దారిలోనే కుళ్లుతుంది.

రాయగడ పెరడు
జూలై 12, రాత్రి 7:10

తప్పకుండా పంపుతాను తమ్ముడూ. ఇప్పుడు కొయ్యను, అత్తగారు ఒప్పుకోరు. పూలన్నీ అయ్యి, కార్తీకంలో కుండీ మార్చేటప్పుడు ముదురు కొమ్మలు తీస్తాను. మీకు రెండు పెడతాను, ఒకటి పోయినా ఒకటి ఉంటుంది. కింది చివర ఏటవాలుగా కోస్తాను.

రెండో మొగ్గ సడలుతోంది, వెళ్తున్నాను.