బ్రిజిడ్ పండగ: గుమ్మం మీద కట్టే ఈ గడ్డి సిలువ కథేంటండి?

ప్రశ్న (ఐర్లాండ్‌లోని డబ్లిన్ నుంచి):
అందరికీ నమస్తే. మేం ఇక్కడికొచ్చి ఎనిమిది నెలలైంది. నిన్న మా పాప స్కూల్ నుంచి పచ్చి గడ్డితో అల్లిన సిలువ తెచ్చింది, మధ్యలో చదరంగా అల్లిక, నాలుగు కొసలూ దారంతో కట్టేసి ఉన్నాయి. గుమ్మం మీద పెడితే ఇంటికి నిప్పు అంటుకోదంట అమ్మా అని ఒకటే గోల. సోమవారం సెలవు కూడా ఉంది. సెయింట్ పాట్రిక్ తెలుసు గానీ ఈ బ్రిజిడ్ ఎవరు? ఇది చర్చి పండగా, అంతకన్నా పాతదా?

జవాబు (కిల్డేర్‌లో ఉంటాను):
రెండూ అక్కా. ఫిబ్రవరి 1 ఇక్కడ పాత లెక్కలో వసంతం మొదలయ్యే రోజు, ఇంబోల్క్ అంటారు, గొర్రెలు ఈని పాలకొచ్చే కాలం. బ్రిజిడ్ అనే దేవత పేరు పాత ఐరిష్ రాతల్లో ఉంది, కవులు కొలిచే దేవత, ఆవిడ అక్కచెల్లెళ్లు ఇద్దరిదీ అదే పేరు, ఒకరిది వైద్యం ఇంకొకరిది కమ్మరం. సెయింట్ బ్రిజిడ్ మా ఊళ్లో మఠం పెట్టినావిడ, దాదాపు 525లో పోయారంటారు. కిల్డేర్ అంటేనే ఓక్ చెట్టు గుడి అని అర్థం. మఠానికి జాగా అడిగితే రాజు ఇవ్వనన్నాడంట, నా దుప్పటి పరిచినంత చాలు అందంట, పరిస్తే అది సాగిసాగి మా ఊరి పక్కనుండే కర్రా అనే మైదానమంతా కమ్మేసిందంట. ఆ మైదానం పక్కనుంచి వెళ్లినప్పుడల్లా నాకీ కథే గుర్తొస్తుంది. ఆవిడ పేరున మఠంలో ఆరిపోని మంట ఉండేదని 12వ శతాబ్దంలో ఇక్కడికొచ్చిన ఒక రచయిత రాశాడు, 1993లో మళ్లీ వెలిగించారు.

ఇంకో జవాబు:
సెలవు మాత్రం కొత్తది, 2023 నుంచే. ఫిబ్రవరి మొదటి సోమవారం ఇస్తారు, 1వ తారీఖు శుక్రవారం పడితే ఆ శుక్రవారమే. ఆడమనిషి పేరు మీద ఈ దేశంలో ఇచ్చిన మొదటి ప్రభుత్వ సెలవు ఇదే, నాకైతే అదే పెద్ద విషయం. ఆ సిలువ ఇక్కడి పెద్దవాళ్లందరికీ బాగా తెలుసు, చాలా ఏళ్లు ఇక్కడి ప్రభుత్వ టీవీ ఛానల్ ఆర్‌టీఈ గుర్తు అదే ఉండేది.

ఇంకో జవాబు (కెర్రీ నుంచి):
అల్లిక సంగతి నేను చెప్తా, మా పక్కింటి పెద్దావిడ నేర్పింది. అది మన తుంగలాంటి గడ్డి, తడి నేలలో మొలుస్తుంది, కత్తితో కోయకూడదు చేత్తో పీకాలి. ఒక కాడ నిలువుగా పట్టుకుని రెండోదాన్ని సగానికి మడిచి దానికి తగిలించి పావు వంతు తిప్పాలి, మళ్లీ ఇంకోటి మడిచి దాని మీదుగా వేసి మళ్లీ తిప్పాలి, ప్రతిసారీ బొటనవేలితో నడుమ నొక్కిపట్టాలి, వదిలారా మొత్తం ఊడిపోద్ది. ముందురోజు రాత్రి ఆవిడ ఒక గుడ్డముక్క కూడా బయట కంపమీద వేస్తుంది, బ్రిజిడ్ ఆ రాత్రి దారినపోతూ దాన్ని ముట్టుకుంటుందని నమ్మకం, ఏడాదంతా తలనొప్పొస్తే అదే నుదుటికి కట్టుకుంటుంది. మా వైపు గడ్డి టోపీలు పెట్టుకుని బ్రిజిడ్ బొమ్మ పట్టుకుని పాటలతో ఇల్లిల్లూ తిరుగుతారు, ఆ ఆచారాన్ని బిడ్డీ అంటారు. వీలైతే ఒకసారి రండి.

అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. మా గుమ్మానికి మామిడాకుల తోరణం ఎటూ ఉంది, దాని పైన మేకు కొట్టాం. మరి వచ్చే ఏడాది కొత్తది తెస్తే పాతదాన్ని ఏం చేయాలి?

కెర్రీ నుంచి:
మా పక్కింట్లో తీయరు. పాతవన్నీ అటక దూలాలకి వరసగా దోపేసి ఉన్నాయి, ఏడాదికొకటి. ఎండి తేనె రంగుకొచ్చాయి.