విమానాల్లో ఇచ్చే వాంతి సంచులు దాచేవాళ్లున్నారా? ఎయిర్ కోస్టాది కావాలి

అక్కయ్యపాలెం కుర్రాడు:
నవ్వుకునేవాళ్లు ముందే నవ్వేసుకోండి, నాకు అలవాటే. విమానంలో ముందు సీటు జేబులో, సేఫ్టీ కార్డు పక్కన కాగితం సంచి ఒకటి ఉంటుంది కదా, కడుపులో తిప్పితే పట్టుకోమని. నేను వాటిని పోగుచేస్తాను. అన్నీ వాడనివేనని ఎంత చెప్పినా మా ఆవిడ ఆ డబ్బాను వంటింటి ఛాయలకు రానివ్వదు.

పూర్ణా మార్కెట్ దగ్గర పాత పేపర్ల కొట్లో మొదలైంది ఈ పిచ్చి. ఎవరో తూకానికి అమ్మేసిన కాగితాల్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంచి కనబడింది. కొట్టాయన డబ్బులు కూడా తీసుకోలేదు. అప్పట్నుంచి చుట్టాలెవరు విమానం ఎక్కినా నా కోరిక ఒక్కటే. కింగ్‌ఫిషర్, జెట్, సహారా దొరికాయి. దొరకనిది మనవాళ్లదే, ఎయిర్ కోస్టా. విజయవాడ కంపెనీ. 2013 అక్టోబరులో మొదలై 2017 ఫిబ్రవరిలో ఆగిపోయింది. వైజాగ్ నుంచి ఆ చిన్న ఎంబ్రాయర్ విమానాలు ఎక్కినవాళ్లు మన ఊళ్లో బోలెడుమంది. వాటి బోర్డింగ్ పాసులు దాచుకున్నవాళ్లు కూడా తగిలారు. సంచి సంగతి అడిగితే మాత్రం "అదెవడు దాస్తాడండీ" అంటారు.

రెండు సందేహాలు. ఇప్పుడొచ్చే సంచులు చాలావరకు పేరూ బొమ్మా లేకుండా తెల్లగా ఎందుకుంటున్నాయి? కొన్ని సీట్లలో అసలు ఉండటమే లేదు. రెండోది, మన సముద్రపు గాలికి పాతవి పసుపెక్కి మడతల దగ్గర అతుక్కుంటున్నాయి. ఏం చెయ్యాలి?

రిటైర్డ్ ట్రాఫిక్ అసిస్టెంట్:
బాబూ, నేను ఎయిర్‌పోర్టు కౌంటర్లో పనిచేసినవాణ్ణి, విమానం లోపల కాదు. అయినా వాయుదూత్ అని చిన్న ఊళ్లకు విమానాలు నడిపిన పాత ప్రభుత్వ కంపెనీ రోజులు చూశాను కాబట్టి చెబుతున్నాను. డోర్నియర్ 228 అని 19 సీట్ల విమానం ఉండేది. దాంట్లో ప్రెషరైజేషన్, అంటే లోపల గాలి ఒత్తిడి తగ్గకుండా ఉంచే ఏర్పాటు లేదు, అందుకని బాగా పైకి పోకూడదు. మే నెల మిట్టమధ్యాహ్నం నేల కాగి వేడిగాలి పైకి తన్నుతుంటే అది పడే కుదుపులు దిగేవాళ్ల ముఖాల్లోనే తెలిసేవి. ఆ సంచి లేకుండా ఎక్కించడమంటే నేరమే. ఇప్పటి జెట్లు 35 వేల అడుగుల దాకా వెళ్తాయి. ముందు గాలివాన ఉంటే పైలట్లు రాడార్లో చూసి పక్కనుంచి తిప్పుకుపోతారు. అలాంటప్పుడు వాంతులెన్ని అవుతాయి? ఆ సంచిలో అరటి తొక్కలు, తడిసిన డైపర్లు పడేసేవాళ్లే ఎక్కువ. తొక్కలు వేసే సంచికి రంగుల అచ్చెందుకని కంపెనీవాడు అనుకుంటే, నాకైతే తప్పనిపించదు.

ఘాట్‌రోడ్డు బాధితుడు:
ఏటండీ, వాంతి సంచులకి గిరాకీ లేదంటారేటి? ఓసారి అరకు బస్సెక్కండి. ఎస్.కోట దాటి మలుపులు మొదలవగానే ఎన్ని నల్ల కవర్లు బయటికొస్తాయో చూడండి. మా అత్త నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కిటికీ సీటు కోసం ఆవిడ చేసే యుద్ధం సీనరీ కోసం అనుకునేరు! మీ సంచి మీద పేరు పోయిందేమో గానీ వాంతులు ఎక్కడికీ పోలేదు.

సీతమ్మధార స్టాంపులు:
అక్కయ్యపాలెంగారూ, నాదీ అదే జబ్బు. మనం చాలా నయం. నెదర్లాండ్స్‌లో నీక్ వెర్మ్యులెన్ అనే ఆయన 1,191 ఎయిర్‌లైన్స్‌వి 6,290 సంచులు పోగేసి గిన్నిస్ రికార్డు కొట్టాడు. 2004లో వర్జిన్ అట్లాంటిక్ ప్రత్యేకంగా డిజైనర్లతో బొమ్మలు వేయించి సంచులు ఇచ్చింది. అవి ఎక్కడైనా కనిపిస్తే వదలకండి.

మీ అతుకుడు సంగతి. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న సంచిని 1949లో అమెరికాలో గిల్మోర్ షెల్డాల్ నార్త్‌వెస్ట్ ఓరియంట్ ఎయిర్‌లైన్స్ కోసం తయారుచేశాడు. అంతకుముందువి మైనం కాగితం, అట్ట. మనకు దొరికేవాటిలో చాలావరకు ప్లాస్టిక్ పొరవే, కాబట్టి ముసురులో మడతలు లాగితే పైకాగితం ఒలిచినట్టు వచ్చేస్తుంది. ఎండలు కాసేదాకా ముట్టుకోకండి. దాచడానికి పాలీప్రొపిలీన్ షీట్లు తీసుకోండి. పీవీసీవి చవకే గానీ కొన్నాళ్లకు జిగటగా మారి అచ్చంతా వాటికే అంటుకుంటుంది. డబ్బాలో కలరా ఉండలు వేస్తున్నారా? వద్దు, ఆ వాసన మరి వదలదు. సిలికా జెల్ చాలు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే మార్చండి. ఇంకో ముఖ్యమైన మాట. కొన్ని సంచులకు మూతి మడవడానికి లోపల సన్నటి తీగ ఉంటుంది. వాటిని వేరే పెట్టండి. మన ఉప్పుగాలికి తీగ తుప్పుపట్టి పక్క సంచికి కూడా మరక పాకుతుంది. నా సహారా అలాగే పోయింది.

ఎయిర్ కోస్టా నా దగ్గరా లేదు. కానీ విస్తారా కోసం ఇప్పుడే అడగడం మొదలుపెట్టండి. 2024 నవంబరులోనే కదా ఎయిరిండియాలో కలిసింది, చాలామంది హ్యాండ్‌బ్యాగుల్లో ఇంకా పడి ఉంటాయి. ఇంకొన్నేళ్లు పోతే వాళ్లు కూడా "ఎవడు దాస్తాడండీ" అనే రకమే. నా దగ్గర విస్తారాది రెండోది కూడా ఉంది, మీ జెట్ సంచికి మార్చుకుంటారా?

అక్కయ్యపాలెం కుర్రాడు:
తప్పకుండా మాస్టారూ. ఆదివారం పొద్దున శివాజీ పార్కు గేటు దగ్గర కలుద్దాం, జెట్‌వి రెండు తెస్తాను, బాగున్నది మీరే ఏరుకోండి. తీగ సంగతి నాకు తట్టనే లేదు, ఈ రాత్రే వేరు చేస్తాను. ట్రాఫిక్ అసిస్టెంట్‌గారూ, మీతో పనిచేసినవాళ్ల వాట్సాప్ గ్రూపు ఉంటే వాయుదూత్ సంచి ఎవరి దగ్గరైనా ఉందేమో ఒక్క మాట అడగరూ?

రిటైర్డ్ ట్రాఫిక్ అసిస్టెంట్:
అడిగాను బాబూ. ముగ్గురు నవ్వే బొమ్మలు పెట్టారు. ఒకాయన మాత్రం అటక మీద పెట్టె దింపించి చూస్తానన్నాడు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, మనవడు సెలవులకొచ్చేదాకా ఆగాలి.