ఏడాదంతా ఇంట్లో జరిగినవి మీరు ఎక్కడ రాసిపెట్టుకుంటున్నారు?

కూకట్‌పల్లి_కోడలు

అందరికీ నమస్తే. మొన్న ఉగాది రోజు పచ్చడి తిన్నాక ఇంట్లో అందరం కూర్చుని పోయిన విశ్వావసులో ఏమేం జరిగాయో చెప్పుకుంటున్నాం, మా అత్తగారేమో ఆవకాయ పెట్టాకే అరకు వెళ్ళాం అంటారు, మామగారేమో కాదు అరకు నుంచి వచ్చాకే జాడీలు దింపాం అంటారు. ఫోన్ తీస్తే అరకు ఫోటోలు బోలెడు ఉన్నాయి తేదీతో సహా, ఆవకాయకి మాత్రం ఎవరూ ఫోటో తియ్యలేదు. అప్పుడనిపించింది, పండగలకీ ఊళ్ళకీ ఫోటోలు ఉంటాయి, మామూలు రోజులకి ఏమీ ఉండవు కదా అని.

మాకు ఇది నిజంగా పెద్ద ఏడాది. పాపకి ఐదో నెలలో అన్నప్రాశన చేశాం, ముందు పుస్తకం, పెన్ను, గాజులు, డబ్బులు పెడితే చెయ్యి చాచి పెన్నే పట్టుకుంది. బాబుకి జనవరి 23న వసంత పంచమి నాడు బాసరలో అక్షరాభ్యాసం అయ్యింది, ఆ రోజు క్యూ ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళకి తెలుసు, తెల్లారకముందే వెళ్ళి నిలబడ్డా మధ్యాహ్నం దాటింది, అయినా వాడు పలక మీద ఓం అని దిద్దుతుంటే మామగారి కళ్ళల్లో నీళ్ళు. అరకుకి విశాఖ నుంచి కిరండూల్ ప్యాసింజర్‌లో వెళ్ళాం, సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలంతా ఒకటే కేకలు, శిమిలిగూడ స్టేషన్ బోర్డు మీద ఎత్తు 996 మీటర్లు అని ఉంటే మామగారు టికెట్ వెనకాల రాసుకున్నారు. ఆ టికెట్ ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలీదు.

నా ప్రశ్న ఏంటంటే, ఇవన్నీ ఒకచోట ఉండాలంటే ఎలా? యాప్ అయితే అత్తగారు మామగారు వాడరు, డైరీ అయితే చంటిపిల్లతో నాకు రోజూ కుదరదు. మీ ఇళ్ళల్లో ఏం చేస్తున్నారో చెప్పండి ప్లీజ్.

తణుకు_మాస్టారు

అమ్మా, డైరీ కొనకండి. వంటింట్లో వేలాడే గోడ క్యాలెండర్ చాలు. వెంకట్రామా క్యాలెండర్ లాంటిది అయితే ప్రతి గడిలో తిథి, నక్షత్రం అచ్చేసి ఉంటాయి, మీరు జరిగింది రెండు మాటలు రాస్తే చాలు తిథి దానంతటదే పక్కన ఉంటుంది. ఇది చిన్న విషయం అనుకోకండి. మా నాన్నగారు కాలం చేసిన మరుసటి ఏడు పంతులుగారు మాసం, పక్షం, తిథి అడిగితే ఇంట్లో అందరికీ ఇంగ్లీషు తారీఖే గుర్తుంది, మా అమ్మ లేచి వెళ్ళి పాత క్యాలెండర్ తెచ్చింది, అందులో ఆ గడిలో ఉంది.

మా ఇంట్లో రాసేవి ఏంటంటే పాలు రాని రోజు సున్నా, గ్యాస్ బండ మార్చిన రోజు, కొబ్బరికాయలు దింపించిన రోజు, బియ్యం బస్తా ఎంతకి కొన్నామో, ఎవరు వచ్చారు ఎన్నాళ్ళున్నారు, పిల్లల జ్వరాలు. 2003 గోదావరి పుష్కరాలకి మా ఇంటికి వచ్చిన చుట్టాల పేర్లన్నీ ఆ నెల కాగితం మీద ఉన్నాయి, 2015 పుష్కరాలవీ ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు పెద్దవాళ్ళయ్యారు, ఎవరు లేరు, ఎవరి పిల్లలు కొత్తగా వచ్చారు అన్నీ తెలుస్తాయి, నేను తరచూ తీసి చదువుతుంటాను. మళ్ళీ 2027లో పుష్కరాలు వస్తున్నాయి, దానికీ రాస్తాను.

ఇంకొక్కటి. డిసెంబర్ అయ్యాక పారెయ్యకుండా పైన రేకు పట్టీ ఊడదీసేసి చుట్టి దారం కట్టి అలమరలో పెట్టండి, రేకు ఉంచితే తుప్పు పట్టి కాగితం పాడవుతుంది. బాల్‌పెన్‌తోనే రాయండి, స్కెచ్ పెన్ను చెమ్మకి అలుక్కుపోతుంది. బాబుకి ఐదేళ్ళు నిండే తేదీ దగ్గర కూడా ఒక గుర్తు పెట్టుకోండి, పిల్లల నీలం ఆధార్ ఉంటే అప్పుడు వేలిముద్రలు ఇచ్చి అప్‌డేట్ చేయించాలి.

హనుమకొండ_బిడ్డ

అక్కా మా ఇంట్ల అయితే మేడారం జాతరే మాకు లెక్క. రెండేండ్లకోసారి వస్తది కదా, మొక్కు ఉన్నోళ్ళు ఎత్తు బంగారం ఇస్తరు, అంటే మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం. మా బిడ్డ పేరు మీద 2024 ఫిబ్రవరిల తూకమేస్తే 12 కిలోలు, మొన్న జనవరిల జాతరకు 16 కిలోలు. అమ్మ ఆ రెండూ దేవుడర్ర తలుపు లోపల చాక్‌పీస్‌తోని రాసింది, పక్కకే మా తమ్ముంది నావీ చిన్నప్పటివి ఉన్నయ్. మొన్న సున్నం ఏసేటప్పుడు ఆ తలుపు ముట్టొద్దని పెయింటర్‌కు గట్టిగ చెప్పినం.

ఇంకోటి, బతుకమ్మకు పూలు యాడ దొరికినయో రాయిరి. మా దగ్గర తంగేడు ఇదివరకు ఇంటెన్క గుట్ట మీదనే ఉండె, ఇప్పుడు బండేసుకుని చానా దూరం పోవాల్సొస్తుంది, గునుగైతే కొనుక్కుంటున్నం. మా అమ్మ నోటికి చెప్తది యే ఏడు యాడికెళ్ళి తెచ్చిందో, గది నేను రాస్తున్న.

ఎడిసన్_నుంచి

మాస్టారు చెప్పింది బాగుంది కానీ బయటి దేశాల్లో ఉన్నవాళ్ళు ఒకటి చూసుకోండి, ఇండియా క్యాలెండర్‌లో తిథి ఇక్కడ అదే రోజుకి రాకపోవచ్చు, టైమ్ తేడా వల్ల అక్కడ సోమవారం ఏకాదశి అయితే ఇక్కడ ఆదివారమే రావచ్చు, మన ఊరికి లెక్కకట్టిన పంచాంగం చూడాలి.

నేను రాసేది వేరేగా ఉంటుంది. ఆదివారం అమ్మతో మాట్లాడాక ఆవిడ చెప్పినవి రెండు లైన్లు అదే రాత్రి రాసేస్తా. పోయిన మేలో ఆవకాయకి ఆవపిండి, కారం, ఉప్పు సమానంగా వేసేదాన్ని, ఈసారి ఉప్పు కాస్త తగ్గించా అని చెప్పింది, ఎందుకమ్మా అంటే మీ నాన్నకి బీపీ అంది. బీపీ సంగతి నాకు తెలిసింది ఆ ఆవకాయ కబురులోనే. దూరంగా ఉన్నప్పుడు ఇలాంటివి అడిగితే చెప్పరు, వంటల మధ్యలో బయటికొస్తాయి. వాళ్ళ గొంతు కూడా రికార్డ్ చేసుకోండి, చెప్పి చేసుకోండి.

కూకట్‌పల్లి_కోడలు

అందరికీ చాలా థాంక్స్. మాస్టారూ మీ పోస్ట్ చదివి మా వంటింట్లో పోయినేటి క్యాలెండర్ మేకుకి కొత్తదాని వెనక అలాగే ఉందేమో చూశాను, ఉంది! మేలో వరసగా కొన్ని గడుల్లో అత్తగారు ‘పాలు వద్దు’ అని రాశారు, అవి అరకు రోజులు, తర్వాత వారం ‘కాయ కొట్టించాం’ అని ఉంది, ఆవకాయకే. మామగారే కరెక్ట్, అత్తగారు ఒప్పుకున్నారు. మామగారిది ఇంకో డౌట్. ఆయన పుట్టింది 1966 మే ఆఖర్లో, ఈ ఏడాది షష్టిపూర్తి, మే ఆఖరుకే హాల్ బుక్ చేద్దామని మావారు అంటున్నారు, ఓకేనా?

తణుకు_మాస్టారు

ఆగండమ్మా, బుక్ చెయ్యకండి. ఆయన పుట్టింది పరాభవలో, అరవై ఏళ్ళు తిరిగి మళ్ళీ పరాభవే వచ్చింది, అంతవరకు సరే. కానీ ఈసారి మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, అంటే అసలు జ్యేష్ఠానికి ముందు అదనంగా వచ్చే నెల, మే ఆఖరు అందులోనే పడుతుంది. 1966 మే ఆఖరంటే మామూలు జ్యేష్ఠమే, కాబట్టి జూన్ 15 దాటాక నిజ జ్యేష్ఠంలో ఆయన జన్మతిథి వచ్చే రోజు చూడాలి. పుట్టిన టైమ్ తీసుకుని మీ ఇంటి పంతులుగారిని కనుక్కుని, రోజు ఖాయమయ్యాకే హాలుకి అడ్వాన్స్ ఇవ్వండి.

కూకట్‌పల్లి_కోడలు

అమ్మో, మంచిపని చేశారు మాస్టారూ, రేపే అడ్వాన్స్ ఇద్దామనుకున్నారు. మామగారు పుట్టిన టైమ్ ఊళ్ళో పెద్దమ్మగారికి తెలుసట, సాయంత్రం ఫోన్ చేస్తాం.